ఝాన్సీ అనబడే సోంబారి

మగధీర సినిమా నేను పాలకొండలో చూశాను. 2009. ఆ మరుసటి ఏడే సీతంపేట మండలంలో కొండ మీదున్న ఒక సవర గూడలో మాస్టారుగా చేరాను. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏకోపాధ్యాయుడు గుర్రం ఎందుకు కొన్నాడన్నది నాకే బోధపడదు. అడిగినవాళ్లకు మాత్రం దారి లేదు, కొండెక్కాలి, అందుకని కొన్నానని చెప్పేవాణ్ణి. అబద్ధమేమీ కాదు. దారి నిజంగానే లేదు. కానీ ఆ రాళ్లలో గుర్రం మీద ఎక్కినా, కాళ్ల మీద ఎక్కినా పెద్దగా తేడా ఉండదని మొదట్లోనే తెలిసిపోయింది. తెలిసీ ఉంచుకున్నానంటే ఆ పుణ్యం ఆ సినిమాలో గుర్రమెక్కిన రామ్‌చరణ్‌ది.

గుర్రం అంటున్నాను గానీ, మీరు ఊహించుకునే గుర్రం కాదు. పాడేరు, హుకుంపేట, జి.మాడుగుల వైపు సంతలకు కాఫీ గింజలూ మిరియాలూ మోసుకొచ్చే పొట్టి గుర్రాలుంటాయే, ఆ జాతి. దానికి జాతి పేరంటూ ఒకటుందో లేదో నాకిప్పటికీ తెలీదు. మా సీతంపేట వైపు అవి కనబడవు. ఇక్కడ బరువంటే కావిడే. సోమవారం సంతకు అనాసలూ చింతపండూ పసుపూ కొండచీపుళ్లూ అన్నీ మనిషి భుజం మీదే దిగుతాయి. పాడేరులో పనిచేసే స్నేహితుడొకడు బేరం కుదిర్చి, ఖాళీగా వస్తున్న లారీలో ఎక్కించి పంపాడు. ఎంతకు కొన్నానో సరిగ్గా గుర్తు లేదు. ఏడు వేలనుకుంటాను. అమ్మినాయన దాని వయసు కూడా ఏడేళ్లనే చెప్పాడట. అందుకే ఆ అంకె నాకలా ఉండిపోయిందేమో.

లారీ దిగింది సంత రోజున. అనాసల కాలం. ముగ్గిన పళ్ల వాసనలో, జనం మధ్యలో, ఎర్రటి పొట్టి ఆడగుర్రం నాలుగు కాళ్లూ బిగదీసి నిలబడింది. నేను పగ్గం పట్టుకుని లాగితే కదల్లేదు. మా గూడ కుర్రాడొకడు, బడి మానేసినవాడు, పదహారేళ్లుంటాయి, కావిడి దించి వచ్చి దాని మెడ మీద చెయ్యి వేసి సవరలో ఏదో అన్నాడు. అది నడిచింది. నేను వెనకాల నడిచాను. మా ముగ్గురి సంబంధం ఆ రోజే తేలిపోయింది. నాకు తెలియడానికే మూడేళ్లు పట్టింది.

సోమవారం వచ్చింది కాబట్టి పిల్లలు దానికి సోంబారి అని పేరు పెట్టారు. ఆ గూడలో సగం మంది పేర్లు వారాల మీదే ఉంటాయి.

సవరల గోడ బొమ్మలు మీరు చూసే ఉంటారు. మా మండలంలో అడ్డాకులగూడ వాటికి పేరుపడ్డ ఊరు. ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద తెల్లటి మనుషులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు, నెమళ్లు. వాటి మధ్యలో తప్పకుండా గుర్రాలు, గుర్రాల మీద రౌతులు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద అచ్చువేసిన పెద్ద పుస్తకంలో ఆ బొమ్మల గురించి చాలా రాశాడు. గుర్రమెక్కి వచ్చేది దేవతలూ, చనిపోయినవాళ్లూ, పెత్తనం చేసేవాళ్లూ. ఆ పుస్తకం నేను చాలా ఆలస్యంగా చదివాను. దానికన్నా ముందే ఆ ముక్క నాకు గూడలో తాత ఒకాయన చెప్పాడు. నేను జీనేసుకుని మొదటిసారి ఊళ్లోకి ఎక్కి వస్తుంటే అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ ఎగాదిగా చూశాడు.

"మేస్టారూ, గోడమీది గుర్రాన్ని దేముళ్లెక్కుతారు. పూర్వం దొరలెక్కీవోరు. నువ్వేటి, దేముడివా, దొరవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. గిరిజన పోరాటం నడిచిన 1968, 69లు బాగా తెలిసిన వయసు ఆయనది. ఆ కొండల్లో ఆ రోజుల్లో ఎవరెవరు ఎక్కి వచ్చారో, వచ్చి ఏం చేశారో ఎప్పుడైనా అడిగితే జీలుగు కల్లు సంగతి ఎత్తేవాడు. ఎందుకు దాటేస్తున్నాడో అర్థమయ్యే వయసు నాకప్పటికి రాలేదు. రెండోసారి మాత్రం గుర్రం దిగి ఊళ్లోకి నడిచి వెళ్లాను. కారణం గౌరవం అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి సిగ్గేసింది.

జీను సంగతి చెప్పాలి. పాలకొండలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఆయన దగ్గర పాతది కొన్నాను. మెరుపు గుడ్డ చింపించి, తోలు కుట్టించి, దాని మీద కూర్చుని ఫోటో తీయించుకున్నాను. ఆ ఫోటో ఇప్పుడు లేదు. మా ఆవిడ దాచిందనే నా అనుమానం.

ఆ తర్వాత నెమ్మదిగా ఏం జరిగిందంటే, నేను గుర్రం వాడే రోజులు తగ్గిపోయాయి, గూడ వాడే రోజులు పెరిగాయి. రూపాయి కిలో బియ్యం కొండ కింద డిపోకి వచ్చేవి. డిపో నుంచి గూడకు మొయ్యాలి. మొదట్లో "మేస్టారూ, ఓపాలి గుర్రాన్నిస్తావా" అని అడిగేవారు. తర్వాత "గుర్రాన్ని తోలుకెల్తన్నాం" అని చెప్పేవారు. ఆ తర్వాత చెప్పడం కూడా మానేశారు. నేనే ఆదివారం పాకలోకి వెళ్లి చూస్తే గుర్రం ఉండేది కాదు. తవుడూ చోడి గంజీ గూడలో వంతులవారీగా పెట్టేవారు. ఉలవలు మాత్రం నేను కొనేవాణ్ణి. ఎండు గడ్డి ఎక్కడిదో నేనెన్నడూ అడగలేదు. నీళ్లు, పేడ, ఈగలు, రాత్రి కాపలా అన్నీ ఆ కుర్రాడివే. నేను ఊళ్లో ఉన్నప్పుడు సాయంత్రం ఒక చుట్టు తిరిగేవాణ్ణి, అంతే.

2013 వేసవిలో మా బావ ఫోన్ చేశాడు. మేనత్త కొడుకు, పశువుల డాక్టరు. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివేటప్పుడు ఎన్‌సీసీలో ఆర్ అండ్ వీ దళం వాడు. అంటే గుర్రాల మీద కవాతు చేసే దళం. మనకు తెలిసిన ఎన్‌సీసీలో తుపాకీ ఇస్తే, అందులో గుర్రాన్ని ఇస్తారు. తెల్లవారుజామునే లేచి మాలీషు చెయ్యాలి, పేడ తియ్యాలి, ఆ తర్వాతే స్వారీ. రిపబ్లిక్ డే క్యాంపుకి ఢిల్లీ వెళ్లడమే అక్కడి కుర్రాళ్లందరి కల. మా బావకు ఆ అవకాశం చివరి క్షణంలో తప్పిపోయింది. ఆ బాధ అతను నా మీద తీర్చుకున్నాడని ఇప్పుడనిపిస్తుంది.

"ఏరా, నీ పొట్టిదాన్ని తీసుకుని విశాఖ వస్తావా? శిబిరం పెడుతున్నారు. మనం మన గుర్రంతోనే వెళ్లాలి. పెద్ద పెద్ద గురువులు వస్తున్నారు. దరఖాస్తు పంపిస్తాను, నింపి పంపు. అందరినీ తీసుకోరు మరి."

విశాఖ శివార్లలో ఒక చిన్న స్వారీ బడి అది. పేరు చెప్పను. బెంగళూరు నుంచి స్వారీ నేర్పే ఒకావిడ, జైపూర్‌లోని 61వ అశ్వికదళంలో పనిచేసి రిటైరైన ఒక రిసాల్దారు వచ్చి కొద్దిమంది రౌతులకు విడివిడిగా నేర్పుతారు. తక్కినవాళ్లు కంచె బయట కూర్చుని చూడొచ్చు. చూడటానికి రుసుము వేరు, ఎక్కడానికి వేరు. ఎక్కడానికి కట్టాల్సింది నా నెల జీతంలో మూడో వంతు.

దరఖాస్తు ఇంగ్లీషులో నాలుగు పేజీలు. గుర్రం పేరు. జాతి. తండ్రి. తల్లి. రంగు. వయసు. ఎత్తు. పాస్‌పోర్టు నంబరు. ఒంటి మీద గుర్తులు. వేయించిన టీకాలు. రౌతు ఏ స్థాయిలో ఉన్నాడు. ఏం నేర్చుకోవాలనుకుంటున్నాడు. నాకే పాస్‌పోర్టు లేదు. సోంబారి అని రాయబోయి ఆగాను. బెంగళూరు ఆవిడ చదువుతుందన్న ఊహ. పైగా సంతలో కొన్నదని తెలిసిపోతుందన్న నామోషీ. ఝాన్సీ అని రాశాను. తల్లీ తండ్రీ దగ్గర గీత పెట్టాను. జాతి దగ్గర "తూర్పు కనుమల కొండ గుర్రం" అని నేనే ఒక జాతిని పుట్టించాను. గుర్తుల దగ్గర, నుదుటి మీద చుక్క, మూపు మీద రెండు తెల్ల మచ్చలు. ఆ మచ్చలంటే నాకు మహా ముచ్చట. ఎర్రటి ఒంటి మీద అరచేయంత తెలుపు. వాటిని చూసే కొన్నానని కూడా అందరితో చెప్పేవాణ్ణి.

ఎత్తు కొలవడానికి నడుమెత్తు గోడ పక్కన నిలబెట్టి, మూపు మీద స్కేలు బద్ద అడ్డంగా ఆనించి, దర్జీ టేపుతో కొలిచాం. గుర్రాన్ని చేతుల లెక్కన కొలుస్తారు. చెయ్యంటే 4 అంగుళాలు. మాది 45 అంగుళాలు, అంటే 11 చేతుల ఒక అంగుళం. 14 చేతుల 2 అంగుళాల లోపుంటే అది గుర్రం కాదు, పోనీ కిందే జమ. ఆ లెక్క ప్రకారం నేను గుర్రాన్నే కొనలేదు.

వయసు చూడ్డానికి బావే వచ్చాడు. పెదవి ఎత్తి, పై దవడ మూల పన్ను మీద గోరుతో రాసి చూశాడు. ఆ పన్ను మీద ఒక గాడి పడుతుంది. పదేళ్ల ప్రాయంలో చిగురు దగ్గర మొదలై, పదిహేనుకు సగం దాకా దిగి, ఇరవైకి కొస దాకా వస్తుంది. సోంబారి గాడి సగం దాటింది.

"ఏడేళ్లేంట్రా! నువ్వు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు పుట్టుంటుందిది."

కుర్రాడు పక్కనే ఉండి విన్నాడు. వాడికి ఆశ్చర్యమేమీ కలగలేదు. "ముసల్దే కదా బాబూ" అన్నాడు, ఎప్పటినుంచో తెలిసినట్టే.

ఆ ఆగస్టులోనే సమైక్యాంధ్ర సమ్మె మొదలైంది. మేమూ దిగాం. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, జీతాలు ఆగాయి. పాలకొండలో ధర్నా దగ్గర కూర్చుని వచ్చి, మిగతా రోజులు గుర్రమెక్కేవాణ్ణి. రాష్ట్రం విడిపోతుందా లేదా అని అందరూ టీవీలకు అతుక్కుపోయిన రోజుల్లో, నేను కొండ మీద దుల్కీ నేర్చుకుంటున్నాను. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ లేదు, కానీ ఉద్యమం నాకిచ్చిన తీరిక అది. దుల్కీ అంటే గుర్రం ఎగిరెగిరి పడే చిన్న పరుగు. జీనులో కూర్చున్నవాడు దాంతోపాటు లేచి కూర్చోవడం చేతకాకపోతే వెన్నుపూస లెక్క తెలుస్తుంది. నాకు తెలిసింది.

రక్త పరీక్ష ఒకటి మిగిలింది. గ్లాండర్స్ అని గుర్రాలకు వచ్చే ప్రాణాంతక జబ్బు, మనుషులకూ అంటుకుంటుంది. టీకా లేదు. తేలితే ఆ జంతువును చంపెయ్యాలన్నది చట్టం. 2006లో మహారాష్ట్రలో మళ్లీ బయటపడ్డప్పటినుంచి గుర్రాలు ఒకచోట చేరే చోటల్లా పరీక్ష కాగితం అడుగుతున్నారు. మెడ నరంలోంచి రక్తం తీసి, సీరం విడదీసి, ఐసు పెట్టెలో హర్యానాలోని హిసార్‌కు పంపాలి. అక్కడుంది జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం. బావ తీద్దామనుకున్న వారం కరెంటు ఉద్యోగులు కూడా సమ్మెలోకి దిగారు. జిల్లాలకు జిల్లాలు చీకటి, ఐసు లేదు. విజయనగరంలో కర్ఫ్యూ. అది సద్దుమణిగేలోగా ఫైలిన్ తుఫాను. అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా గూడలో రెండు ఇళ్ల కప్పులు లేచిపోయాయి. గుర్రం పాక మాత్రం లేవలేదు. కుర్రాడు ఆ రాత్రి దాంట్లోనే పడుకున్నాడని పొద్దున్న తెలిసింది. ఎందుకని అడిగితే, గాలికి బెదిరి తాడు తెంపుకుంటే లోయలోకి పోతుందన్నాడు. నేనా రాత్రి పాలకొండలో మా ఇంట్లో ఉన్నాను.

హిసార్ కాగితం డిసెంబరులో వచ్చింది. జబ్బు లేదు. దరఖాస్తుతో పాటు అడిగిన వీడియో అప్పటికే పంపేశాను. పక్క ఊరి మాస్టారు ఫోన్‌తో తీశాడు. బడి ముందు ఖాళీలో నేను నడక, దుల్కీ చేసి చూపించాలి. సోంబారి నా మాట వినదు కాబట్టి కుర్రాడు తాడు పట్టుకుని పక్కన పరుగెత్తాడు. అతను ఫ్రేములో పడకూడదని నేను పదే పదే చెప్పాను. పడలేదు. చెయ్యి ఒక్కటే పడింది.

నన్ను తీసుకున్నారు. సంక్రాంతి వెళ్లాక రమ్మన్నారు.

గుర్రాన్ని తీసుకెళ్తున్నానని చెప్పడానికి గూడలో ఒక సాయంత్రం పట్టింది. నేను చెప్పడానికే వెళ్లాను, అడగడానికి కాదు. కానీ చెప్పగానే తాత అడిగిన మొదటి ప్రశ్న, "బియ్యం ఎప్పుడొస్తాయి?" ఆడవాళ్లు లెక్క వేశారు. ఆ వారం ఎవరి ఇంట్లో ఎన్ని కావిళ్లు, ఎవరికి నెలలు నిండాయి, డోలీ మొయ్యడానికి ఎవరెవరు ఊళ్లో ఉంటారు. నా సొంత గుర్రానికి సెలవు మంజూరు చెయ్యడానికి పెట్టిన పంచాయితీ అది. చివరికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. కుర్రాడు కూడా వెళ్లాలి. దరఖాస్తులో గుర్రాల కాపరి పేరు రాసే గడి ఒకటుంది. అక్కడ అతని పేరు రాశాను. యజమాని గడిలో నా పేరు.

బొలెరో బండిలో గడ్డి పరిచి ఎక్కించాం. రాజాం, చీపురుపల్లి మీదుగా. చీపురుపల్లిలో టీ తాగుతుంటే టీవీలో అసెంబ్లీ. విభజన బిల్లు మీద అరుపులు. బండిలో గుర్రం ఉందని తెలిసి టీ కొట్టు జనమంతా లేచి వచ్చారు. టీవీ ముందు ఒక్కడూ మిగల్లేదు. ఆ రోజు శాసనసభ కన్నా మా సోంబారికే ఎక్కువ మంది ప్రేక్షకులు.

బెంగళూరు ఆవిడ పేరు ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. మొహం గుర్తుంది, ఎండకు కమిలిన మొహం, కనుబొమల మధ్య చిన్న గాటు. తెలుగు వచ్చీరానట్టు మాట్లాడేది. మొదటి మాటే, "వీడియోలో తాడు పట్టుకున్నతను వచ్చాడా?"

తర్వాత రిసాల్దారు వచ్చాడు. రాజస్థానీ. డెబ్బై ఏళ్లుంటాయి. ఎవరితోనూ మాట్లాడకుండా సోంబారి చుట్టూ తిరిగాడు. ముందు డెక్కలు ఎత్తి చూశాడు. నాడాలు లేవు, ఎన్నడూ కొట్టించలేదు. రాళ్ల మీద నడిచి నడిచి గట్టిపడ్డ ఆ డెక్కలు చూసి "బహుత్ అచ్ఛా" అన్నాడు. నేను పొంగిపోయాను. తర్వాత జీను దించమన్నాడు. వెన్నెముక పక్కగా రెండు వేళ్లతో నొక్కుతూ పోయాడు. మూపు దగ్గరకు రాగానే సోంబారి ఒళ్లు ఝాడించింది. నా దరఖాస్తు కాగితం చేత్తో పట్టుకుని, గుర్తులు అన్న గడి చూపించి, ఆ తెల్ల మచ్చలు పుట్టుకతో వచ్చినవా అని అడిగాడు. అవునన్నాను.

కాదట. బరువు ఒకేచోట పడి చర్మం లోపల చచ్చిపోతే, పుండు మానాక ఆ మేర వెంట్రుక తెల్లగానే వస్తుందట. మా దగ్గరకు రాకముందు ఎన్నేళ్లు మోసిందో ఆ మచ్చలే చెబుతాయన్నాడు. ఆ మచ్చల అంచు దగ్గర కొత్తగా రేగుతున్న చోటు కూడా వేలితో చూపించాడు. అది మా జీను చేసిన పని. లేదా మా బియ్యం బస్తా. ఆయన రెండింటినీ విడదీసి చెప్పలేదు.

తర్వాత టేపు తెప్పించాడు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిరుదు కొస దాకా పొడవు. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, సెంటీమీటర్లలో అయితే 11,880తో భాగించాలి. కిలోలు వస్తాయి. సోంబారి దాదాపు 190 కిలోలు. తన బరువులో ఐదో వంతుకు మించి గుర్రం మీద వెయ్యకూడదన్నది వాళ్ల పద్ధతి. అంటే 38 కిలోలు, జీనుతో కలిపి. నేను ఆ రోజుల్లో 64. నన్ను ఎగాదిగా చూశాడు. సరిగ్గా గూడలో తాత చూసిన చూపే. ఏమీ అనలేదు.

అలా, నా గుర్రంతో వచ్చి, నా గుర్రమెక్కడానికి డబ్బు కట్టి, ఆ శిబిరంలో నేను ఒక్కసారి కూడా దాన్ని ఎక్కలేదు. నాకు వాళ్ల గుర్రం ఒకటిచ్చారు. ఎప్పుడో పందేల్లో పరుగెత్తి రిటైరైనది, ఆకాశమంత. రికాబులు తీసేసి, పొడుగు తాడుకు కట్టి, గుండ్రంగా తిప్పారు. చేతులు చాపు, కళ్లు మూసుకో, నడుం వదులు చెయ్యి. పగ్గం పట్టుకుని వేలాడకు, అది బస్సు రాడ్డు కాదు. ఆవిడ అన్నవాటిలో నాకు ఇవే గుర్తున్నాయి. ఇంకా ఎన్నో చెప్పింది. నోట్సు రాసుకున్నాను కూడా. తుఫానుల ఊరు మాది, నోట్సు నిలవలేదు.

మరి సోంబారి? దాని మీద ఆ బడి కాపరి కూతుర్ని, తొమ్మిదేళ్లుంటాయి, ఎక్కించారు. పిల్ల పక్కకు జారిన ప్రతిసారీ సోంబారి టక్కున ఆగిపోయేది. పిల్ల సర్దుకునేదాకా కదిలేది కాదు. రెండు మూడుసార్లయ్యాక రిసాల్దారు ఈల వేసి ఆపించి, దీనికి ఇది ఎవరు నేర్పారని అడిగాడు. నేను కుర్రాడి వైపు చూశాను. నేను హిందీలోకి మార్చి అడగకముందే అతనికి ప్రశ్న అర్థమైంది.

"ఎవులూ నేర్పలేదు బాబూ. బస్తా జారితే ఆగుతాది. దిగుడులో బస్తా జారిందంటే మరి అదీ పోతాది గదా."

ఆ తర్వాత శిబిరం తీరే మారిపోయింది. వాళ్ల ప్రశ్నలన్నీ కుర్రాడికే. దిగుడులో ముందు నడుస్తావా, వెనకా? తాడు ఎంత వదులుతావు? రాత్రి కడతావా, వదిలేస్తావా? నేను దుబాసీని. నకులుడు విరాటరాజు కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలు చూసుకున్నాడని చదువుకున్నాం. ఆ పక్కన నిలబడి అతని మాటలు రాజుగారికి వివరించిన మాస్టారొకడు ఉండే ఉంటాడు, భారతంలో పేరు రాలేదు. నాకు కొంచెం అసూయగానే ఉండింది. డబ్బు కట్టింది నేను కదా.

అక్కడ డెక్కలు చెక్కే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర కుర్రాడు రెండు పూటలు కూర్చున్నాడు. డెక్క అంచు ఎంత అరగదీయాలి, మడమ వైపు ఎందుకు ముట్టుకోకూడదు, మధ్యలో కప్ప అనే మెత్తటి భాగం ఎలా ఉండాలి, అన్నీ చూశాడు. వచ్చేటప్పుడు ఆయన పాత ఆకురాయి ఒకటి ఇచ్చాడు.

రాత్రి మంట వేసుకుని కూర్చున్నప్పుడు రిసాల్దారు హైఫా యుద్ధం కథ చెప్పాడు. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు గుర్రాల మీద బల్లేలతో వెళ్లి, మరతుపాకులున్న ఊరు పట్టుకున్న కథ. ఆ దళంలోనే హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు, మీ వాళ్లే అన్నాడు నాతో. ఆ జనవరిలో హైదరాబాద్ మాదో కాదో చెప్పగలిగినవాడు మా జిల్లాలో ఎవడూ లేడు. తలూపాను. కుర్రాడు నిద్రపోయాడు, సోంబారి పక్కన.

గూడకు తిరిగి వచ్చాక చేసిన మొదటి పని జీనును అటక మీద పడెయ్యడం. రెండోది గంత మార్చడం. ఇంతకు ముందు గోనె మడిచి వీపు మీద వేసి, దాని మీద బస్తా అడ్డంగా పడేసేవారు. ఇప్పుడు వరిగడ్డి కూరిన రెండు దిండ్లు, వెన్నుకి అటొకటి, ఇటొకటి. మధ్యలో వెన్నెముకకు గాలి ఆడేలా ఖాళీ. బియ్యం రెండు సంచుల్లో, అటూ ఇటూ సమంగా. మొత్తం 38 కిలోలు మించకూడదని నేను ప్రకటించాను. బడి పిల్లల చేత 11,880 లెక్క చేయించి మరీ.

ఒకామె, ఆరో తరగతి పిల్ల తల్లి, లెక్క అంతా విని అడిగింది. "బాగుంది మేస్టారూ. మిగిలిన బియ్యం ఎవులు మోస్తారు?"

నేనేమీ అనలేదు. మోసింది వాళ్లే. గుర్రం వీపు మీంచి తగ్గిన బరువు ఆడవాళ్ల నెత్తి మీదకెక్కింది. మనిషి తన బరువులో ఎన్నో వంతు మొయ్యొచ్చో రిసాల్దారు చెప్పలేదు, నేనూ అడగలేదు. కొన్నాళ్లకు కుర్రాడూ వాళ్లూ వాళ్లలో వాళ్లే ఒక ఒప్పందానికి వచ్చారు. ఎక్కుడులో ఇంత, దిగుడులో ఇంత, ఎండ రోజుల్లో ఇంత అని. ఆ అంకెలు నాకు చెప్పలేదు. మూపు మీద రేగిన చోటు మాత్రం మానింది. అక్కడా తెల్ల వెంట్రుకే వచ్చింది.

నా పేరూ ఝాన్సీ పేరూ రాసిన సర్టిఫికెట్ ఒకటి విశాఖ నుంచి పోస్టులో వచ్చింది. పిల్లలు చదివి, ఝాన్సీ ఎవరని అడిగారు.

తర్వాతి ఏళ్లలో, జి.మాడుగుల మండలం సుర్లపాలెంలో ఊరివాళ్లే చందాలేసుకుని తమ మాస్టారికి గుర్రం కొనిచ్చారని పేపర్లో చదివాను. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఆ మాస్టారిని ఎవరూ దేముడివా దొరవా అని అడిగి ఉండరు. ఇప్పుడు మా వైపు ఆడలి వ్యూపాయింట్ దాకా కార్లే పోతున్నాయి. ఆదివారం విశాఖ జనం వచ్చి మబ్బుల్లో ఫోటోలు తీసుకుంటారు. మా గూడకూ సగం దాకా రోడ్డు పడింది. కుర్రాడు, కుర్రాడేమిటి, ఇద్దరు పిల్లల తండ్రి, మొన్నామధ్య సంతలో కనిపించాడు. కొన్నాళ్లు చెన్నైలో ఇటుకల పనికి పోయి వచ్చాడట. ఆకురాయి ఉందా అంటే, కత్తులు నూరుకుంటున్నామన్నాడు.

నాకు 2015లో మైదానానికి బదిలీ అయింది. గుర్రాన్ని ఏం చెయ్యాలి? మా పాలకొండ ఇంటి దగ్గర కట్టే చోటు లేదు. మా ఆవిడ ఆ సంగతి స్పష్టంగానే చెప్పింది. సరే, గూడకే అమ్మేద్దామనుకున్నాను. ముసలిది కాబట్టి సగం ధర, అదీ వాయిదాల మీద. చాలా ఉదారంగా ఆలోచించాననుకుంటూ తాత అరుగు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు.

"మా గుర్రాన్ని మాకే అమ్ముతావేటి మేస్టారూ?"

నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆ గొంతులో వెటకారం లేదు. నేను కాసేపు నిలబడి, లేదు, ఊరికే చెప్పిపోదామని వచ్చానన్నాను. జీను మాత్రం నాదని ఎవరూ కాదనలేదు. అటక మీంచి దింపించుకుని, బస్సులో వేసుకుని, పాలకొండలో పెళ్లి గుర్రాల ఆయనకే మళ్లీ అమ్మేశాను. కొన్నదానికి మూడో వంతు వచ్చింది. తోలు బాగా కుట్టించారండీ, అన్నాడు.